మా తాత పావు డిగ్రీ

మా తాత ఇరవై ఆరేళ్లు నెల నెలా జీతం తీసుకుని నీళ్లలో బకెట్టు ముంచాడు. వెక్కిరింతకు అనడం లేదు, ఆయన చేసిన ఉద్యోగం అదే. ఆఫీసులో అందరూ ఆయన్ని బకెట్టు అనే పిలిచేవారట. సొంత పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి, ఎవరినో పిలుస్తున్నారనుకునేవాడని నాయనమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం ఒకటి ఉండేది. దానికి వేడిని చూసే కెమెరా బిగించారు. వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ మన కంటికి కనిపించని వెలుగు ఒకటి విడుస్తూ ఉంటుంది, దాని పేరు ఇన్‌ఫ్రారెడ్. కెమెరా ఆ వెలుగును పట్టుకుని ఈ పొలం ఇన్ని డిగ్రీలు, ఈ ఊరి పైకప్పులు ఇన్ని డిగ్రీలు, ఈ నీళ్లు ఇన్ని డిగ్రీలు అని లెక్క తేలుస్తుంది. పదో తరగతి రెండుసార్లు తప్పిన నా బుర్రకే ఇది ఎక్కిందంటే, తాత ఎంత ఓపిగ్గా చెప్పి ఉంటాడో ఊహించుకోండి.

సరే, ఏడువందల కిలోమీటర్ల పైనుంచి అది చెప్పిన అంకె నిజమేనని ఎవరు చూడొచ్చారు? అందుకని అది నెత్తి మీదుగా పోయే నిమిషానికే కింద ఒక మనిషి ఉండి, అదే చోట థర్మామీటరుతో చూడాలి. రెండు అంకెలూ కలిస్తే కెమెరా బాగున్నట్టు. తేడా వస్తే కెమెరాను దిద్దుతారు. పైన కెమెరా, కింద మా తాత.

పదహారు రోజులకోసారి, పొద్దున పదింటికి అది వచ్చేది. తాత ఎనిమిదింటికల్లా సైకిలు మీద రిజర్వాయరు చేరి, తెడ్డు పడవ వేసుకుని నడిమధ్యకు పోయేవాడు. అక్కడ లంగరు వేసిన ఎర్ర డ్రమ్ము ఒకటి తేలుతూ ఉండేది. దానికి పడవ కట్టి కూర్చోవాలి. పడవ నీడ కొలిచే నీటి మీద పడకూడదు. తెడ్డు కదపకూడదు. పాల మీద మీగడ కట్టినట్టు నీటి మీద కూడా వెంట్రుక మందం పొర ఒకటి ఉంటుందట, దాని వేడి వేరు, కింది నీటి వేడి వేరు. పైన కెమెరాకు కనిపించేది ఆ పొర ఒక్కటే. కాబట్టి ముందు గొట్టంలాంటి పరికరం పట్టుకుని పొరను చూడాలి, ఆ తర్వాతే బకెట్టు ముంచాలి. ఇదంతా చెప్పేటప్పుడు తాత ఊపిరి బిగబట్టి చెబుతాడు. ఊపిరి తగిలినా పొర చెదురుతుందని ఆయన అనుమానం. వసారాలో కూర్చుని చెప్పేటప్పుడు కూడా!

చూసినవన్నీ ఒక కాగితంలో రాయాలి. తేదీ, గంట, నీటి వేడి, గాలి, చివరి గడిలో ఆకాశం. ఆ చివరి గడి ఎందుకంటే, ఆ కెమెరాకు మబ్బు అడ్డం వస్తే కింద ఉన్నదేమీ కనబడదు. మబ్బు నెత్తినే చూసి, మంచులా చల్లగా ఉందని చెబుతుంది. మంచి ఏడాదిలో కూడా మూడోవంతు రోజులు మబ్బుకే పోయేవట. అయినా వెళ్లాలి.

"మబ్బున్న రోజు పడవేసుకుని పోవడం దేనికి తాతా? ఇంట్లో పడుకుని మబ్బు అని రాసెయ్యొచ్చుగా?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఇంటి మీద మబ్బుంటే నీళ్ల మీద ఉన్నట్టా? అక్కడికెళ్లి తలెత్తి చూడాలే. చూశాకే రాయాలి" అన్నాడు. అన్నాక ఎందుకో లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఉద్యోగం దిగిపోయి పదిహేనేళ్లయినా ఆ జబ్బు వదల్లేదు. టీ గ్లాసు వేలితో తాకి "అరవై రెండు" అంటాడు. నా నుదురు ముట్టుకుని "ముప్పై ఎనిమిది పాయింట్ రెండు, బడికి పంపకండి" అనేవాడు. అలా నేను మానేసిన బడి రోజులన్నీ కలిపితే ఒక తరగతి అవుతుంది. డాబా మీద సిమెంటు తొట్టి ఒకటి ఉంది. పదహారు రోజులకోసారి పొద్దున పదింటికి దాని పక్కన పీట వేసుకుని కూర్చుని, బకెట్టు ముంచి నోటుపుస్తకంలో ఎక్కిస్తాడు. ఆ రోజు తొట్టి దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు.

"బట్టలు నానబెట్టుకోవడానికి కట్టించారా, ఉపగ్రహానికి స్నానం చేయించడానికా?" అని నాయనమ్మ కింది మెట్టు మీదనుంచి అరుస్తుంది.

"అరగంట ఓర్చుకోవే, వెళ్లిపోతుంది" అని తాత పైనుంచి బతిమాలతాడు, చుట్టం ఎవరో వచ్చి కూర్చున్నట్టు.

ఇంకో అలవాటుంది. టీవీలో ఈ నెల ఎప్పుడూ లేనంత వేడి, ఈ ఏడాది రికార్డు అని వార్త వస్తే చాలు, తాత లేచి టీవీ కట్టేస్తాడు. కట్టేసి, "అందులో పావు డిగ్రీ నాది" అంటాడు. మేమంతా అది గొప్పలనుకునేవాళ్లం. మా నాన్న అయితే, "మిగతాది ఎవరిదో కనుక్కోండి నాన్నా, ఇద్దరినీ కలిపి సన్మానం చేద్దాం" అనేవాడు. తాత నవ్వేవాడు కాదు. పెద్దాయన కదా, బిగువు అనుకున్నాం.

నేను వీధి చివర జిరాక్సు షాపులో పని చేస్తాను. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం తాత షాపుకు వచ్చాడు. అప్పటికి ఆయనకు ఆయాసం మొదలై మూడు నెలలైంది, నాలుగు అడుగులకోసారి ఆగుతున్నాడు. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పినా పదహారో రోజున డాబా ఎక్కుతూనే ఉన్నాడు. చంకలో పాత కార్బను కాపీల కట్ట ఉంది. అందులోంచి ఒక్క కాగితం లాగి నా ముందు పెట్టాడు.

"ఇది తియ్యి."

"ఒక్కటేనా? ఇరవై ఆరేళ్ల కాగితాల్లో ఇదొక్కటే ముద్దొచ్చిందా తాతా?"

"ఇదొక్కటే అబద్ధం" అన్నాడు.

షాపులో ఎవరూ లేరు. మిషను మీద చెయ్యి వేసి నిలబడి చెప్పాడు. ఆయన ఉద్యోగంలో చేరిన తొమ్మిదో ఏడు, మా నాన్న ఆరేళ్లవాడు. ఉపగ్రహం వచ్చే రోజునే తెల్లవారుజామున నాయనమ్మకు నొప్పులొచ్చాయి. ఆస్పత్రిలో చేర్పించి, నడవాలో బెంచి మీద కూర్చున్నాడు. రెండు వైపులా గోడలే, కిటికీ లేదు. పది దాటింది, పదకొండు దాటింది. ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం దాకా కూడా లేదు.

ఆఫీసుకు కాగితం ఐదింటిలోగా చేరాలి. తాత ఆ బెంచి మీదే సంచిలోంచి కాగితం తీశాడు. ముందుసారి అంకె గుర్తు చేసుకుని, ఎండలు ముదురుతున్నాయి కదా అని కాస్త పెంచి, ఇరవై ఏడు పాయింట్ మూడు అని రాశాడు. గాలి స్వల్పం. ఆకాశం నిర్మలం.

అది పట్టుకుని తల వంచుకునే వెళ్లి ఆఫీసులో ఇచ్చొచ్చాడు. నాకు ఒక మేనత్త ఉండేదని అప్పుడు, ఆ మిషను పక్కన, తెలిసింది. కాగితం మిషనులో పెట్టి, ఒక్క కాపీ బదులు రెండు తీశాను.

"తర్వాతసారి అంకె చూసుకున్నాక తెలిసిందే. ఆ రోజు నేను పావు డిగ్రీ ఎక్కువ రాసుంటాను. కెమెరా తక్కువ చూపిస్తోందనుకుని దాన్ని పైకి దిద్ది ఉంటారు. అప్పట్నించీ అది చూసిందంతా పావు డిగ్రీ ఎక్కువే కదా. టీవీవాళ్లు చెప్పే ప్రతి అంకెలోనూ అదుంది."

"మరి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే, ఆ రోజు ఎందుకు రాలేదని అడుగుతారు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కళ్లజోడు సారు ఇంకా ఉన్నాడట. వాళ్ల తమ్ముడి దగ్గర. ఇద్దరిలో ఒకరం పోకముందే ఆయనకు చెప్పాలి. నన్ను తీసుకెళ్లు. మీ నాయనమ్మకు తెలియకూడదు."

కళ్లజోడు సారు అంటే తాత పంపిన కాగితాలను కెమెరా అంకెలతో సరిచూసిన పెద్దాఫీసరు. ఒక గంట బస్సు ప్రయాణం. వాళ్ల ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు మీద "పని చేయదు" అని అట్ట వేలాడుతోంది. తాత ఒక్కో మలుపు దగ్గర గోడకు ఆనుకుని, "ఇక్కడ గాలి బాగుంది కదే" అని వంక పెట్టి నిలబడ్డాడు. గాలి ఎక్కడా లేదు.

కళ్లజోడు సారుకు కళ్లజోడు లేదు. చూపు పోయిందట, ఇంక అది పెట్టుకుని ఏం లాభం అని తీసేశారట. బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. తాత దగ్గు వినగానే తల తిప్పారు.

"బకెట్టు కదూ?"

"నేనే సారూ."

"పదిహేనేళ్లయిందయ్యా. ఇంకా తడిగానే ఉన్నావా, ఆరిపోయావా?"

"ఆరిపోతున్నాను సారూ. అందుకే వచ్చాను."

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత తాత జేబులోంచి కాగితం తీసి ఆయన మోకాలి మీద పెట్టాడు. పెట్టాక, ఆయన చదవలేరని గుర్తొచ్చి నాకు ఇచ్చాడు. నేను చదివాను. తేదీ, గంట, నీటి వేడి, గాలి, ఆకాశం నిర్మలం.

"ఆ రోజు నేను నీళ్ల దగ్గరకు వెళ్లలేదు సారూ" అన్నాడు తాత. "ఆస్పత్రిలో కూర్చుని రాశాను. నా అంకె పట్టుకుని మీరు కెమెరాను దిద్ది ఉంటారు. ఎంత తప్పు జరిగిందో చెప్పండి. విని వెళ్తాను."

సారు చాలాసేపు రెయిలింగు మీద వేళ్లు ఆడించారు.

"ఆఖరి మాట ఇంకోసారి చదువమ్మా."

"నిర్మలం."

"ఆ రోజు రిజర్వాయరు మీద మబ్బయ్యా" అన్నారు. "ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా దుప్పటి కప్పినట్టు. కెమెరాకు ఒక్క చుక్క నీరు కనబడలేదు. సాయంత్రం నీ కాగితం చూశాను, మర్నాడు పైనుంచి బొమ్మ వచ్చింది. పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఇంక నీ అంకెతో దేన్ని దిద్దుతాను?"

తాత నా చేతిలోని కాగితం లాక్కుని చూసుకున్నాడు.

"అంటే... దిద్దలేదా?"

"లేదు. అయినా నీ ఒక్కడి బకెట్టుతో ప్రపంచం వేడెక్కదయ్యా! ఎన్ని చెరువులు, ఎన్ని సముద్రాలు చూసి సరిచేస్తారు దాన్ని! టీవీలో చెప్పే అంకెలకు నీకూ చుట్టరికం లేదు."

"మీకు తెలుసు. తెలిసి కూడా నన్నేమీ అనలేదు."

"నీ ఇంట్లో ఏం జరిగిందో కూడా మర్నాడే తెలిసింది. ఏమనమంటావు?"

తాత కళ్లు తుడుచుకోలేదు. మొహం కడుక్కుంటానని లోపలికి వెళ్లాడు. కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. ముప్పై రెండేళ్ల బరువు దిగింది, అమ్మయ్య అనుకున్నాను. అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ నాది ఊరుకునే నోరు కాదు.

"అయితే సారూ, మిగతావన్నీ మా తాత అంకెలతోనే దిద్దారన్నమాట. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదట ఆయన. చెయ్యి విరిగినప్పుడు కూడా వెళ్లాడట, పళ్లతో పగ్గం పట్టుకుని పడవ కట్టాడట."

సారు కుళాయి చప్పుడు వైపు చెవి పెట్టి, గొంతు తగ్గించారు.

"మొదటి తొమ్మిదేళ్లవి వాడాను. ఆ రోజు తర్వాత వాడలేదమ్మా."

"ఒక్కటీనా?"

"చూడకుండా ఆకాశం రాసినవాడి అంకె మీద కెమెరాను దిద్దకూడదు. అది నేను పెట్టిన నియమం కాదు. వేరే రిజర్వాయరు అంకెలు తెప్పించుకున్నాను. ఇతనివి వచ్చినవి వచ్చినట్టు పక్క గడిలో ఎక్కించాను."

"పదిహేడేళ్లు! ముందే చెప్పొచ్చుగా సారూ?"

"చెబితే మానేసేవాడు. మానేసి ఇంట్లో కూర్చుని ఏం చేసేవాడు? ఆ పిల్ల గురించే తలుచుకునేవాడు. నీళ్ల దగ్గరకు వెళ్తే నయమనుకున్నాను." ఆగి అన్నారు, "మంచే చేశాననుకున్నాను. ఇప్పుడు తెలియడం లేదు."

కుళాయి ఆగింది. తాత తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన మొహం అంత తేటగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలో కూర్చుని, ముందుకు వంగి, బడిపిల్లాడు మార్కులు అడిగినట్టు అడిగాడు.

"మరి ఆ తర్వాతవి పనికొచ్చాయా సారూ?"

సారు రెయిలింగు కోసం తడుముకున్నారు. నేను అందుకున్నాను.

"పనికొచ్చాయంట తాతా. ఇప్పుడే చెప్పారు నాతో. అన్నీ పనికొచ్చాయంట."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటి కూడా వదల్లేదంట."

తాత నన్ను చూశాడు, తర్వాత సారును చూశాడు. సారు చూపులేని కళ్లు నేల వైపు తిప్పుకున్నారు. తాత కాగితం జాగ్రత్తగా మడిచి, "వెళ్లొస్తాను సారూ" అని లేచాడు. మెట్లు దిగేటప్పుడు ఎక్కడా ఆగలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. సగం దారి దాకా బయటికే చూశాడు. నేనే ఉండబట్టలేక, "ఇంకేం తాతా, మబ్బు నిన్ను కాపాడింది. ఇంటికెళ్లి దానికో దండం పెట్టు" అన్నాను.

"మంచి ఏడాదిలో కూడా మూడోవంతు మబ్బుకే పోయేవే" అన్నాడు కిటికీలోంచి చూస్తూనే.

అంతే అన్నాడు. నాకు మాత్రం బస్సు సీటు కిందనుంచి జారిపోయినట్టయింది. ఆయన ఆస్పత్రి బెంచి మీద ఎలా దొరికిపోయాడో, నేనూ అలాగే, అదే గడిలో దొరికిపోయాను. పోనీ, కొన్ని పోయాయి, మిగతావి పనికొచ్చాయి అని ఉంటే నమ్మేవాడేమో. తలెత్తి చూసినవాళ్లెవరూ అన్నీ అనరు. ఆయన ఇంక ఒక్క మాట కూడా అడగలేదు. ఆ సారు ఆయన్ని ఎలా ఏమీ అనకుండా వదిలేశారో, ఆయనా నన్ను అలాగే వదిలేశాడు.

రెండు రోజులాగి డాబా మీద నాయనమ్మ బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు అందిస్తూ అడిగాను.

"నాయనమ్మా, ఆ పాప పుట్టిన రోజు ఆకాశం ఎలా ఉంది?"

నీకెవరు చెప్పారని అడగలేదు. చేతిలో ఉన్న చొక్కా రెండుసార్లు దులిపి తీగ మీద వేసింది.

"మబ్బు" అంది. "పొద్దున్నించీ ఒకటే మబ్బు. నా మంచం కిటికీ పక్కనే. చూడ్డానికి ఇంకేముంది, దాన్నే చూస్తూ పడుకున్నాను. కురవనూ లేదు, విడవనూ లేదు."

"తాతకు చెప్పలేదా?"

"ఆయన లోపలికి వచ్చినప్పుడు చేతిలో పెన్ను ఉంది. ఏదో రాసుకుంటున్నాడులే అనుకున్నాను. ఆకాశం ఎలా ఉందని నన్నడిగితే చెప్పకపోదునా? ఆ రోజు గురించి ఆయన నన్ను ఇవాళ్టి దాకా ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు." ఇంకో క్లిప్పు కోసం చెయ్యి చాపింది. "తొందరగా ఇవ్వవే, నీరు కారుతోంది."

తర్వాతి పదహారో రోజు పొద్దున పదింటికి తాత మంచం మీదే ఉన్నాడు. ఆయాసమని కాదు, ఆ రోజు బాగానే ఉన్నాడు. నాయనమ్మ కాసేపు మెట్ల వైపు చూసింది. తర్వాత దుప్పట్లు తెచ్చి తొట్టిలో నానబెట్టి, కావాలనే పెద్దగా చప్పుడు చేసింది. కింద నుంచి అరుపు రాలేదు. నేను నోటుపుస్తకం పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లి, "అంకె నేను చూసొచ్చి రాయనా తాతా? ఆకాశం కూడా నా కళ్లతో నేనే చూసి రాస్తాను" అన్నాను.

"ఎందుకులేమ్మా" అన్నాడు. నన్ను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. ఎప్పుడూ కోతీ అనేవాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర టీవీలో మళ్లీ అదే వార్త. ఈ నెల, లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఎప్పుడూ లేనంత వేడి. అంతరిక్షం నుంచి తీసిన పటం చూపించారు, ఎర్రగా, అక్కడక్కడా నల్లబడేంత ఎర్రగా. తాత లేస్తాడని అందరం కంచాల్లో చేతులు ఆపి చూశాం. లేవలేదు.

"ఏమండీ, మీ పావు డిగ్రీ తీసేసి చెప్పమనండి వాళ్లను" అంది నాయనమ్మ, ఆయన్ని నవ్వించాలని.

తాత ముద్ద కలుపుతూ పటం వైపే చూస్తున్నాడు.

"అందులో నాదేం లేదులే" అన్నాడు.

ఆ వార్త అయిపోయేదాకా చూశాడు.